సన్న దారంతో పెద్ద చేప: ప్రాణహిత, గోదావరి ఒడ్డున గాలం వేసేవారికి

దారం చుట్ట మీద 4 కిలోలు అని రాసి ఉంటే, దానితో 4 కిలోల చేపకు మించి పట్టలేమని చాలామంది అనుకుంటారు. ఆ అంకె చేప బరువుది కాదు, దారం ఓర్చుకునే లాగుడుది. నీళ్లలో ఉన్నంతసేపు చేప బరువు దాదాపు లేనట్టే, దాన్ని నీరే మోస్తుంది. దారం మీద పడేవి మూడు: చేప ఈదే బలం, పారే నీటి తోపుడు, మనం పెట్టే బిగింపు. మొదటి రెండూ మన మాట వినవు. మూడోది పూర్తిగా మన చేతిలోనే ఉంటుంది. సన్న దారంతో పెద్ద చేపను పట్టే పనంతా ఆ మూడోదాన్ని మొదటి నిమిషం నుంచి చివరి దాకా ఒకే తీరున నిలపడమే. దారం ఎక్కడ తెగిందో చూసుకుంటే, చాలాసార్లు చేప బలం వల్ల కాదు, బిగింపు ఒక్కసారిగా పెరగడం వల్లనో ముడి సరిగ్గా లేకనో తెగిందని తేలుతుంది.

1939లో ఏర్పడిన ఐ.జి.ఎఫ్.ఎ. అనే అంతర్జాతీయ సంస్థ గాలపు చేపల రికార్డులను దారం బలాన్ని బట్టి 1, 2, 3, 4, 6, 8, 10, ఆపై కిలోల తరగతులుగా విడదీసి రాస్తుంది. దారాన్ని పొడిగా కాదు, తడిపి పరీక్షిస్తుంది. దారం బలానికి 5, 10, 15, 20 రెట్లు బరువున్న చేప పట్టినవారికి విడివిడి గుర్తింపులు ఇస్తుంది. ఆ లెక్కన 4 కిలోల దారం మీద 10 కిలోల వాలుగ చేప రావడం వింతేమీ కాదు.

అసలు సన్న దారం ఎందుకంటే, సిరోంచ వైపు వానాకాలం పోయి చలి మొదలయ్యేసరికి ప్రాణహిత నీరు తేటబడుతుంది. మోకాటి లోతులో ఇసుక రేణువులు కనబడతాయి. అలాంటి నీటిలో లావు తంగూసు దారం కడితే రవ్వ, బొచ్చె చేపలు ఎర దగ్గరికి వచ్చి కూడా తాకకుండా పోతాయి. వాటికి దారం కంటబడటం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, లావు దారం ఎరను సహజంగా కదలనీయదు. బొచ్చె ఎరను కొరికి మింగదు, నీటితో కలిపి లోపలికి పీల్చుకుంటుంది. దారం మొండిగా ఉంటే ఆ పీల్పుకు ఎర లోపలికి పోదు. సన్న దారాన్ని పారే నీరు కూడా తక్కువగా తోస్తుంది కాబట్టి 20 గ్రాముల సీసం గుండుతోనే ఎర ఒకచోట నిలుస్తుంది, విసిరితే దూరం కూడా పోతుంది.

అన్ని చేపలకూ ఇది పనికిరాదు. కొర్రమట్టకు సన్న దారం వద్దే వద్దు. అది తుంగలో, తామరాకుల కింద ఉంటుంది. గాలం తగలగానే ఆకుల్లోంచి బయటికి గుంజకపోతే అక్కడే చుట్టుకుపోతుంది. అక్కడ కావలసింది ఓపిక కాదు, లావు దారమూ గట్టి కర్రా. మునిగిన చెట్ల కొమ్మలు, పాత వంతెన దిమ్మెలు ఉన్నచోట కూడా అంతే.

ముందు చేప బయటికొచ్చే దారి చూసుకోవాలి

గాలం ఎక్కడ వేయాలి అనేదానికంటే, పడిన చేపను ఎక్కడికి తేవాలి అనేది ముందు తేల్చుకోవాలి. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది. అది సిరోంచ దాటాక కాళేశ్వరం ఎదుట గోదావరిలో కలుస్తుంది. ఇంకా దిగువన సోమనూరు వైపు ఇంద్రావతి వచ్చి చేరుతుంది. ఈ దారి పొడుగునా ఎండాకాలంలో నీరు తగ్గి, ఇసుక మేటల మధ్య లోతైన మడుగులు మిగులుతాయి. పెద్ద చేపలు చేరేది ఆ మడుగుల్లోనే. మడుగు ఒక దరి రాతి పలకలతో, రెండో దరి ఇసుకతో ఉంటే ఇసుక వైపు నిలబడండి. చేప రాయి వైపు పరిగెత్తినా దారం రాతి అంచుకు ఒరిసే అవకాశం తగ్గుతుంది. మీ వెనక, పక్కల కనీసం యాభై అడుగులు అడ్డం లేకుండా నడవగలిగే ఒడ్డు ఉండాలి. ఈ పనిలో కాళ్లకు చేతులతో సమానంగా పని ఉంటుంది.

ఎర వేయకముందు ఉత్త సీసం గుండు కట్టి అయిదారు చోట్ల విసిరి, అడుగున మెల్లగా లాగి చూడండి. ఇసుక మీద గుండు నున్నగా జారుతుంది. గులకరాళ్ల మీద టకటకమని చేతికి తెలుస్తుంది. ఒకేచోట రెండుసార్లు ఇరుక్కుంటే అక్కడ రాయో మొద్దో ఉన్నట్టు. ఆ చోటును ఎదుటి దరిమీది చెట్టుతో గుర్తు పెట్టుకోండి. చేప అటు మళ్లినప్పుడు మీరు ముందే కదలాలి.

సాయంత్రం బెస్తవాళ్లు కట్టిన వలలు ఎక్కడున్నాయో వాళ్లనే అడిగి తెలుసుకోండి. వాళ్ల బతుకుదెరువు మీదికి గాలం విసరకూడదు. చేప వలలో దూరితే మీ దారమూ పోతుంది, వాళ్ల వలా చిరుగుతుంది. ఊరి చెరువుల సంగతి వేరు. గడ్చిరోలి జిల్లాలో పాత మాల్గుజారీ (భూస్వాముల కాలపు) చెరువులతో సహా చాలా చెరువులను మత్స్యకార సహకార సంఘాలు కౌలుకు తీసుకుని పిల్లలు వదిలి పెంచుతాయి. సంఘం అనుమతి లేకుండా అక్కడ గాలం వేయడం దొంగతనమే.

సామాను

రాడ్ పొడుగు 9 అడుగులు ఉంటే మంచిది. 10 నుంచి 30 గ్రాముల బరువు విసిరే రకం, మొన దగ్గర మాత్రమే కాక నడుం దాకా వంగేది కావాలి. చేప ఒక్క ఉదుటున తల విదిలిస్తే ఆ దెబ్బను ముందు రాడ్ తీసుకోవాలి, తర్వాతే దారానికి చేరాలి. మొండి రాడ్ ఆ పని చేయదు. కొనేటప్పుడు పరీక్ష తేలిక: దారం కొసను స్ప్రింగ్ కాటాకు కట్టి, ఒకరు కాటా పట్టుకుంటే మీరు రాడ్‌ను వాలుగా ఎత్తండి. కాటా 1 కిలో చూపేసరికి రాడ్ సగం దాకా చక్కగా వంగాలి.

రీల్ 3000 లేదా 4000 సైజు స్పిన్నింగ్ రకం చాలు. ఎన్ని బేరింగులు ఉన్నాయో అడగకండి, డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే దారాన్ని బిగువుతోనే వదిలే ఏర్పాటు, నున్నగా జారుతుందా లేదా అని చూడండి. డ్రాగ్ కొద్దిగా బిగించి దారాన్ని చేత్తో మెల్లగా లాగితే, ఆగి ఆగి కాకుండా ఒకే ధారగా రావాలి. కదిలే ముందు ఒక్క క్షణం పట్టేసి, తర్వాత జారే డ్రాగ్ సన్న దారానికి పెద్ద శత్రువు. ఆ పట్టేసిన క్షణంలోనే దారం తెగుతుంది.

దారం విషయానికొస్తే, ఇసుక అడుగున్న చోట రవ్వ, బొచ్చె, మిరిగలకు 0.25 మిల్లీమీటర్ల నైలాన్ మోనో (ఒంటిపోగు దారం) వాడండి. మంచి రకమైతే సుమారు 4 కిలోలు ఓర్చుకుంటుంది. వాలుగ ఉన్న మడుగుల్లో 0.28 లేదా 0.30, అంటే 5 నుంచి 6 కిలోలు. అంతకంటే సన్నది వాడితే గాలం నోట్లో పెట్టుకుని చేప పోవడమే ఎక్కువసార్లు జరుగుతుంది, దానివల్ల ఎవరికీ లాభం లేదు. రీల్‌లో కనీసం 150 మీటర్లు, వీలైతే 200 మీటర్లు ఉండాలి. స్పూల్ (రీల్‌లో దారం చుట్టుకునే గిన్నె) అంచుకు 2 మిల్లీమీటర్ల కిందిదాకా నింపండి. ఎందుకో డ్రాగ్ దగ్గర చెప్పుకుందాం.

బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన) దారం ఇంకా సన్నం, ఇంకా బలం, నిజమే. పీ.ఈ. అనే కొలతలో 0.8 నంబరు బ్రెయిడ్ 0.15 మిల్లీమీటర్ల లావే ఉండి, ఆ లావు మోనో కంటే ఎంతో ఎక్కువ మోస్తుంది. కానీ అది సాగదు. మోనో తెగే ముందు దాదాపు ఐదో వంతు సాగుతుంది, ఆ సాగుడే చేయి తొందరపడినప్పుడు కాపాడుతుంది. బ్రెయిడ్ బిగువు మీద రాతి అంచుకు తగిలితే క్షణంలో తెగుతుంది. బొచ్చె నోరు మెత్తన, సాగని దారంతో గట్టిగా లాగితే పెదవి చీలి గాలం ఊడుతుంది. చేయి కుదిరేదాకా మోనోనే మేలు. బ్రెయిడే కావాలంటే ముందు 8 నుంచి 10 మీటర్ల మోనో జోడించండి.

నైలాన్ నీరు పీలుస్తుంది, తడిస్తే దాని బలం పదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. ఎండ దాన్ని ఇంకా పాడుచేస్తుంది. మన దగ్గర మే నెల ఎండలో బండి మీద, గోడ మీద వదిలేసిన రీల్ దారాన్ని నమ్మొద్దు. ఏడాదికోసారి దారం మార్చండి. డబ్బులు మిగలాలంటే అడుగున 50 మీటర్లు పాతదే ఉంచి, పైన 150 మీటర్లు కొత్తది కట్టొచ్చు.

గాలం వైపు చివరన లీడర్, అంటే విడిగా కట్టే దారం ముక్క, ఉండాలి. రవ్వకు, మిరిగకు 0.28 చాలు. వాలుగ నోట్లో కోరల్లాంటి పెద్ద పళ్లు ఉండవు, ఆకురాయి లాగా గరుకైన చిన్న పళ్ల పట్టీలు ఉంటాయి. అవి దారాన్ని ఒక్కసారిగా కోయవు, పది నిమిషాల పాటు అరగదీస్తాయి. అందుకే 0.55 నుంచి 0.60 మోనో, 50 సెంటీమీటర్ల పొడుగున కట్టాలి. చెరువుల్లో బంగారుతీగ పడితే ఇంకో ప్రమాదం ఉంది. దాని వీపు మీది రెక్కకు ముందున్న ముల్లు రంపంలా ఉంటుంది. దారం దాని వీపు మీదుగా పోతే తెగుతుంది. చేప అడ్డంగా తిరిగినప్పుడు రాడ్ పక్కకు మార్చి దారాన్ని వీపు మీంచి తప్పించాలి.

ముడి

దారంలో మామూలు గుడ్డి ముడి ఒక్కటి పడితే దాని బలం సుమారు సగానికి పడిపోతుంది. 4 కిలోల దారం కొన్నా 2 కిలోల దారంతో వేట చేస్తున్నట్టే. విసిరేటప్పుడు గాలికి పడే చిన్న ముడి కూడా ఇదే పని చేస్తుంది. అది కనబడితే విప్పుతూ కూర్చోకండి, అక్కడికి కోసి మళ్లీ కట్టండి.

గాలానికి పాలొమర్ ముడి కట్టండి. కొస నుంచి 15 సెంటీమీటర్ల దారాన్ని మడిచి, ఆ మడతను గాలం కంట్లోంచి దూర్చండి. రెండు పోగులనూ కలిపి ఒక వదులు ముడి వేయండి, బిగించొద్దు. ఇప్పుడు మడత చివరి ఉచ్చులోంచి గాలం మొత్తాన్ని దాటించండి. ఉమ్మితోనో నీటితోనో తడిపి, అసలు దారాన్నీ కొసనూ కలిపి నిదానంగా లాగండి. పోగులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన కూర్చోవాలి. కొస 3 మిల్లీమీటర్లు వదిలి కోయండి. తడపకుండా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే దెబ్బతింటుంది. ముడి పక్కన దారం తెల్లగా, ముడతలు పడినట్టు కనిపిస్తే అది పోయినట్టే, కోసి మళ్లీ కట్టండి.

అసలు దారానికి లీడర్‌ను చిన్న స్వివెల్‌తో (రెండు కొసలూ విడివిడిగా తిరిగే లోహపు ముక్క) కలపడం సులువు, దారం మెలి తిరగడమూ తగ్గుతుంది. స్వివెల్ లేకుండా కలపాలంటే రెండు యూని ముడులు (కొసతో ఉచ్చు చేసి, ఆ ఉచ్చులోంచి దారాల చుట్టూ చుట్టి బిగించేవి) ఎదురెదురుగా కట్టి ఒకదానికొకటి ఆనేలా లాగాలి. సన్న దారం వైపు 6 చుట్లు, లావు దారం వైపు 3 చుట్లు చాలు. రెండు వైపులా సమంగా చుడితే లావుది బిగుసుకోదు, సన్నది కోసుకుపోతుంది.

కట్టిన ప్రతి ముడినీ స్ప్రింగ్ కాటాతో పరీక్షించండి. 4 కిలోల దారం మీద 2.5 కిలోల దాకా మెల్లగా లాగితే ముడి జారకూడదు. అంగడిలో దొరికే 10 కిలోల కాటా ఈ పనికి చాలు. రాడ్ కంటే ముందు కొనాల్సిన సామాను అదే అంటే అతిశయోక్తి కాదు.

సీసం గుండును అసలు దారానికి నేరుగా కట్టొద్దు. దారం దూరిపోయే గుండు అయితే స్వివెల్‌కు ముందు ఒక చిన్న పూస పెట్టండి, లేకుంటే గుండు వచ్చి వచ్చి ముడిని కొడుతుంది. వేలాడే గుండు అయితే 0.18 సన్న దారంతో కట్టండి. అది రాళ్లలో ఇరుక్కుంటే గుండు ఒక్కటే పోతుంది, చేప మిగులుతుంది.

డ్రాగ్ బిగింపు

ఈ భాగం చేత్తో అంచనా వేసేది కాదు, కొలవాల్సింది. దారం రాడ్ రింగుల్లోంచి వచ్చాక కొసను కాటాకు కట్టండి. రాడ్‌ను చేప ఆడించేటప్పుడు పట్టుకునే కోణంలో, సుమారు 45 డిగ్రీలకు ఎత్తి, మీరు వెనక్కి నడవండి. డ్రాగ్ జారడం మొదలైనప్పుడు కాటా ఎంత చూపుతోందో చూడండి. అది దారం బలంలో నాలుగో వంతు ఉండాలి. 4 కిలోల దారానికి 1 కిలో, 6 కిలోలకు 1.5 కిలోలు. మూడో వంతు దాకా పోవచ్చని కొందరంటారు. అది కొత్త దారం, మంచి రీల్, చేయి తిరిగిన మనిషి ఉన్నప్పటి మాట. చేత్తో లాగి చూసి బిగిస్తే చాలామంది ఎక్కువ బిగిస్తారు.

ఇంత తక్కువ ఎందుకంటే, చేప దారం లాక్కుపోయే కొద్దీ స్పూల్ మీద దారం తగ్గి చుట్టు చిన్నదవుతుంది. డ్రాగ్ లోపలి బిగింపు మారదు, కానీ చిన్న చుట్టును తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. నిండు స్పూల్ కేంద్రం నుంచి అంచుకు 24 మిల్లీమీటర్లు ఉండి, దారం పోయాక 16కు దిగితే, 1 కిలోకు పెట్టిన డ్రాగ్ 1.5 కిలోలు అవుతుంది. దానికి తోడు, వంద మీటర్ల దారం నీళ్లలో విల్లులా వంగి ఉంటుంది, ఆ నీటి ఒత్తిడి కూడా దారం మీదే పడుతుంది. రింగుల రాపిడి ఇంకొంత. ముడి దగ్గర దారం ముందే కాస్త బలహీనం. ఇవన్నీ కలిపితే నాలుగో వంతుకు పెట్టినదే తెగే దాకా పోగలదు. స్పూల్‌ను నిండుగా నింపమన్నది ఇందుకే. చేప 80 మీటర్లు దాటి పోతే డ్రాగ్‌ను ఇంకొంచెం వదులు చేయాలి. చేప పారిపోతుంటే చేయి బిగించడానికే పోతుంది. ఆ తొందరను ఆపుకోవడమే ఈ విద్యలో సగం.

వేట అయ్యాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి రీల్‌ను దాచండి. బిగించి వదిలేస్తే లోపలి వాషర్లు అతుక్కుని, మళ్లీసారి మొదటి లాగుడుకే పట్టేస్తాయి. రీల్‌ను ఇసుకలో పెట్టొద్దు. ఒక గోనెసంచి పరుచుకోండి.

గాలం, ఎర

సన్న దారంతో గట్టిగా గుంజి గాలం దింపలేం. కాబట్టి సన్న తీగతో చేసిన, పదునైన గాలమే దిగుతుంది. మొనను బొటనవేలి గోరు మీద పెట్టి మెల్లగా లాగండి. గీరుకుంటూ ఆగితే పదును ఉన్నట్టు, జారిపోతే మార్చాలి. రవ్వకు, మిరిగకు 6 లేదా 4 నంబరు, బొచ్చెకు 2 లేదా 1, వాలుగకు 2/0 నుంచి 4/0 సర్కిల్ గాలం (మొన లోపలికి తిరిగినది). సర్కిల్ గాలం వేసినప్పుడు గుంజకూడదు. చేప ఎర తీసుకుని పోతుంటే దారం బిగువు కాగానే రీల్ తిప్పుతూ పోవాలి, గాలం దానంతట అదే నోటి మూలన దిగుతుంది. గుంజితే నోట్లోంచి ఊడి వస్తుంది. మూలన దిగిన గాలానికి ఇంకో లాభం, దారం వాలుగ పళ్ల మీదికి తక్కువగా పోతుంది.

చేపలను రప్పించడానికి నీళ్లలో వేసే మేత ముద్దకు పల్లి చెక్క పొడి 500 గ్రాములు, దోరగా వేయించిన తవుడు 500 గ్రాములు, మక్కపిండి 250 గ్రాములు, నానేసి పిసికిన అటుకులు రెండు గుప్పిళ్లు. నీరు కొద్దికొద్దిగా చల్లుతూ కలిపి అరగంట ఉంచండి. పిడికిట్లో ముద్ద కట్టాలి, నీళ్లలో పడ్డాక పది నిమిషాల్లో విడిపోవాలి. అదే మేత గాలానికి పెట్టేదైతే కాస్త మైదా కలిపి గట్టిగా చేయాలి. బొచ్చె నీటి పైభాగంలో, రవ్వ మధ్యలో, మిరిగ అడుగున తింటాయి. కాబట్టి బొచ్చెకు బెండు కట్టి ఎరను నీటి మధ్యకు పైన ఆపాలి, మిరిగకు అడుగున పడుకోబెట్టాలి. వాలుగకు ఎర్రల గుత్తి గానీ చిన్న చేప ముక్క గానీ చీకటి పడే వేళ బాగా పనిచేస్తాయి.

చేప పడ్డాక

మొదటి పరుగును ఆపాలని చూడొద్దు. రాడ్ ఎత్తి పట్టుకుని, డ్రాగ్‌ను దాని పని చేయనివ్వండి. డ్రాగ్ జారుతున్నప్పుడు రీల్ హ్యాండిల్ తిప్పకూడదు. 5:1 గేరున్న రీల్‌లో ఒక్క తిప్పుకు దారం 5 మెలికలు పడుతుంది, చేపేమో ఒక్క అంగుళం కూడా రాదు. ఆ మెలికలే మళ్లీసారి విసిరినప్పుడు ముడులవుతాయి.

పరుగు ఆగాక మీ వంతు. రాడ్‌ను మెల్లగా ఎత్తి చేపను కొంత దగ్గరికి తెచ్చి, రాడ్ దించుతూ ఆ వదులును చుట్టుకోండి. ఎత్తడం రెండు మూడు అడుగులే. పెద్ద పెద్ద ఊపులు వేస్తే దించేటప్పుడు దారం వదులై గాలం ఊడుతుంది. రాడ్‌ను నిటారుకు మించి వెనక్కి తెస్తే మొనే విరుగుతుంది.

రాడ్ పైకి ఎత్తి మాత్రమే లాగితే చేప తల పైకి లేస్తుంది, తోక కొట్టుకుంటూ ముందుకే పోతుంది. రాడ్‌ను నీటికి దగ్గరగా పక్కకు వంచి, చేప పోయే దిశకు ఎదురుగా పట్టండి. కుడికి పోతుంటే రాడ్ ఎడమకు. తల పక్కకు తిరిగితే ఒళ్లంతా తిరగాల్సిందే. అదే 1 కిలో లాగుడుతో చేప ఇంకా తొందరగా అలుస్తుంది. అది తిరగ్గానే మీరు కూడా రాడ్ వైపు మార్చండి. ఒకే వైపు అయిదు నిమిషాలు లాగుతూ నిలబడితే చేప ఆ లాగుడుకు అలవాటుపడి నింపాదిగా ఊపిరి తీసుకుంటుంది.

చేప దిగువకు, పారుదలతో పోతే మీరూ ఒడ్డు వెంట నడిచి దానికి ఎదురుగానో, ఇంకాస్త దిగువగానో చేరండి. ఎగువన నిలబడి లాగితే చేపతో పాటు ఏటి బలాన్ని కూడా లాగుతున్నట్టు. దిగువ నుంచి లాగితే చేప మీకూ ఏటికీ రెండింటికీ ఎదురీదాలి.

వాలుగ ఒక్కోసారి అడుగున బండలా కూర్చుంటుంది. అప్పుడు గుంజొద్దు. బిగువు ఉంచి ముప్పై అడుగులు పక్కకు నడిచి వేరే కోణంలో లాగండి. అప్పటికీ కదలకపోతే దారాన్ని పూర్తిగా వదులు చేసి ఒక నిమిషం ఆగండి. లాగుడు లేదనుకుని చాలాసార్లు అదే కదులుతుంది. రాతి సందులో దూరినప్పుడు కూడా ఇదే మందు. గడ్డిచేప తీరు దీనికి పూర్తిగా భిన్నం. ఒడ్డు దాకా బుద్ధిగా వచ్చి, చేతి వల చూడగానే తిరగబడుతుంది. దాన్ని నమ్మి డ్రాగ్ బిగిస్తే అక్కడే పోతుంది.

చేప నీటిపైకి ఎగిరితే రాడ్ మొనను వెంటనే దానివైపు దించండి. గాలిలో ఉన్న చేపకు దాని బరువంతా ఉంటుంది, బిగువు దారం మీద అది పడితే ఏ ముడీ ఆగదు.

చివరి అయిదు మీటర్లలోనే ఎక్కువ చేపలు పోతాయి. బయట ఉన్న దారం తక్కువ కాబట్టి సాగుడు తక్కువ. మనిషిని చూసి చేప బెదురుతుంది. మనకేమో తొందర పెరుగుతుంది. ఇక్కడ డ్రాగ్‌ను అర తిప్పు వదులు చేయండి. వెనక్కి నాలుగడుగులు వేసి నిలబడండి. చేతి వల నోరు వెడల్పు కనీసం రెండున్నర అడుగులు ఉండాలి. వలను ముందే నీళ్లలో ముంచి కదలకుండా పట్టుకుని, చేప పక్కకు ఒరిగి తెల్ల పొట్ట చూపాక తలవైపు నుంచి వలలోకి లాక్కోండి. వలతో చేపను వెంబడించడం, తోకవైపు నుంచి తోడటం పనికిరాదు. దారం పట్టుకుని ఎత్తడం అసలే వద్దు. నీళ్లలో 1 కిలో లాగుడుకు వచ్చిన 8 కిలోల చేప, పైకెత్తగానే 8 కిలోలూ దారం మీద వేస్తుంది.

తెగితే కొసను చూడండి

తెగిన కొస కారణం చెబుతుంది, పారేయకండి. పంది తోకలా మెలి తిరిగి ఉంటే ముడి జారింది: తడపలేదు, లేదా కొస మరీ దగ్గరగా కోశారు. పొట్టు లేచినట్టు గరుకుగా ఉంటే రాయికో వాలుగ పళ్లకో ఒరిసింది. కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే ఆల్చిప్ప అంచో, పదునైన రాయో. కొస సన్నబడి, సాగి, తెల్లబారితే బిగింపు ఎక్కువైంది, డ్రాగ్ మళ్లీ కొలవాలి. ముడికి దూరంగా, దారం మధ్యలో మళ్లీ మళ్లీ తెగుతుంటే రింగుల్లో ఏదో పగిలింది. ప్రతి రింగులోంచి దూది లాగి చూడండి, పగుళ్లు ఉన్నచోట దూది పోగు చిక్కుకుంటుంది.

చేప ప్రాణం, మన ప్రాణం

సన్న దారంతో ఎక్కువసేపు ఆడిస్తే చేప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఎండాకాలం మడుగు నీరు వేడిగా ఉండి ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది, అలాంటప్పుడు అలసిన చేపను వదిలినా బతకడం కష్టం. 20 నిమిషాలు దాటినా చేప తల మనవైపు తిరగట్లేదంటే ఆ చోటుకు మీ దారం చాలదని అర్థం, తర్వాత నుంచి ఒక మెట్టు పైది కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో వదిలేసే ఉద్దేశంతో సన్న దారం వేట పెట్టుకోకపోవడమే న్యాయం. వాలుగ ఇప్పుడు ఐ.యు.సి.ఎన్. అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ జాబితాలో ముప్పున్న జాతుల్లో ఉంది. వర్షాకాలంలో కొత్తనీటికి ఎదురెక్కే పొట్టనిండా గుడ్లున్న రవ్వ, బొచ్చె, మిరిగలను ముట్టుకోకండి.

వదలాలంటే తడి చేతులతో పట్టుకుని, నీళ్లలోనే గాలం తీసి, తల పారుదలకు ఎదురుగా నిలపండి. మొప్పలు నిదానంగా ఆడి, తోకతో తానే తోసుకుని పోయేదాకా పట్టుకోవాలి. ముందుకూ వెనక్కూ ఊపకూడదు.

వైన్‌గంగ మీద గోసీఖుర్ద్ ఆనకట్ట గేట్లు ఎత్తితే ఆ నీరు ఆలస్యంగానైనా సిరోంచకు వస్తుంది, మీ దగ్గర వాన చుక్క లేకపోయినా ఇసుక మేట మునుగుతుంది. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి గమనిస్తూ ఉండండి. పుల్ల మునుగుతుంటే సామాను సర్దేయండి. మేడిగడ్డ బ్యారేజీ గేట్ల దరిదాపుల్లో దిగొద్దు. మొసళ్లు తిరుగుతాయని ఊరివాళ్లు చెప్పిన మడుగులో మోకాళ్ల దాకా కూడా దిగకండి, చేప చేజారినా సరే. కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది. తీగల కింద విసరడం, ఉరుములప్పుడు ఎత్తి పట్టుకోవడం రెండూ ప్రాణాంతకం.

పెద్ద చేప వచ్చాక, అది ఒడ్డున చేరినా వదిలేసినా, గాలం నుంచి పైకి రెండు మీటర్ల దారాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య నెమ్మదిగా జారనివ్వండి. ఎక్కడ గరుకు తగిలినా అక్కడికి కోసేయండి. ఏమీ తగలకపోయినా గాలం ముడి కోసి కొత్తది కట్టి, కాటాకు తగిలించి డ్రాగ్ కొలిచాకే మళ్లీ విసరండి.